ఎత్తు కుర్చీ

జూన్ 3

పిన్నికి,

ఉత్తరమంటే "నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాలట. నేను క్షేమం కాదు, నువ్వూ కాదని నాకు తెలుసు. బడి మధ్యలో మానేసినందుకు ఇదొక్కటే లాభం, ఆ అబద్ధం రాయక్కర్లేదు.

ఫోను చేద్దామంటే ఇస్త్రీ షెడ్డులో ఆవిరి మోతకి నీ చెవులు ఎప్పుడో పోయాయి. నీకు వినపడేలా అరిస్తే మన ఇంటి సంగతులు వీధంతా వింటుంది. అందుకే కాగితం.

ఆపరేషను అయింది, ఇంటికి తెచ్చి పడేశారు. పనిలో మెట్ల మీంచి పడ్డప్పుడు విరిగిన తుంటికి అప్పట్లో మేకులు కొట్టారు కదా, ఆ ఎముకకి రక్తం అందక చచ్చిపోయిందట. ఇప్పుడు ఆ కీలు కోసి పారేసి ఇనుప గుండు పెట్టారు, నీకు పెట్టినటువంటిదే. మన ఇంట్లో పెద్దకీ చిన్నకీ సమానంగా దక్కిన ఆస్తి ఇదొక్కటే.

డాక్టరు చెప్పినవన్నీ వద్దులు. వంగొద్దు. కాలు మీద కాలు వెయ్యొద్దు. ఎత్తు తక్కువ పీటల మీద కూర్చోవద్దు. గొంతుక్కూర్చోవడం మాత్రం జన్మలో వద్దు. టైల్స్ వేసేవాణ్ణి గొంతుక్కూర్చోవద్దనడం చేపని తడవొద్దనడమే. ఆ మాట ఆయనతోనే అన్నాను. ఇంకో పని చూసుకోమన్నాడు, ఇంకో చొక్కా వేసుకోమన్నంత సులువుగా.

ఇది చాలదని ఆసుపత్రివాళ్లు నన్నొక సంఘంలో కలిపారు. తుంటి మార్పించుకున్నవాళ్లంతా వారానికోసారి వ్యాయామం గదిలో చేరి ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. తుంటరి సంఘమని పేరు పెట్టాను, ఎవరూ నవ్వలేదు. అందరూ పెద్దవాళ్లే. నన్ను చూడగానే ఇంత చిన్న వయసులోనా అని మూకుమ్మడిగా నిట్టూర్చారు. అరిగినవాళ్లకీ విరిగినవాడికీ తేడా లేదా పిన్నీ? వాళ్ల తుంటిని వయసు తినేసింది. నా తుంటిని రెయిలింగు లేని మెట్లు తినేశాయి. ఆ మెట్లకి రెయిలింగు పెట్టించని మేస్త్రీ ఇప్పటికీ రెండు కాళ్ల మీద తిరుగుతున్నాడు.

ఆ సంఘానికొక కుర్చీ ఉంది. పొడుగు కాళ్లు, గట్టి చేతులు, కూర్చుంటే తుంటి వంగనంత ఎత్తు. కొత్తగా ఆపరేషను అయినవాళ్ల ఇంటికి అది వస్తుంది. మొయ్యడం ఎవరైనా మొయ్యొచ్చుగాని, అప్పటిదాకా దాంట్లో కూర్చున్నవాళ్లు మాత్రం పక్కన నడిచి రావాలి. అలా నడిచొస్తే కోలుకున్నట్టు లెక్క. నా ఇంటికి పాటల టీచరమ్మ తెచ్చింది. వాళ్ల అల్లుడుగారు కుర్చీ మోస్తూ రొప్పుతుంటే ఆవిడ పక్కన ఊరేగింపులా నడిచొచ్చింది. దాంట్లో కూర్చుంటే నేనొక తీర్పు చెప్పే జడ్జీలా ఉన్నాను. ముందు నాకు నేనే శిక్ష వేసుకున్నాను.

నాకు తోడుగా ఒక ముసలాయన్ని ఇచ్చారు. రైల్లో గార్డుగా చేసి దిగిపోయాడు. రోజూ పొద్దున్నే వచ్చి నన్ను నడిపిస్తాడట. ఒడ్డున కూర్చుని ఈత నేర్పేవాళ్లంటే నాకు మంట. రానీ, రెండు రోజుల్లో పారిపోతాడు.

పొడుగు కాళ్లూ నెత్తిన నిప్పూ అని నువ్వు పెట్టిన పేరే ఇంకా మోస్తున్న,
నీ నిప్పుకోడి

*

జూన్ 11

ఒరేయ్ నిప్పుకోడీ,

నీ ఉత్తరం చేరింది. చదివి నవ్వొచ్చింది, తరవాత ఒళ్లు మండింది. మంచివాళ్లు కుర్చీ తెచ్చి కూర్చోబెడితే దానికీ వంకేనా నీకు?

నాకు ఆపరేషను అయినప్పుడు ఎవరొచ్చార్రా? మీ బాబాయి పోయాక ఈ ఇంటి గడపకి నేనూ నా చెప్పులే. ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడక నేర్చుకున్నాను. సంఘమూ లేదు, తోడూ లేదు. ఎత్తు కుర్చీకి బదులు ఉతకాల్సిన దుప్పట్ల మూట మీద కూర్చున్నాను. నువ్వూ రాలేదు. ఊరికే రాస్తున్నాను, దెప్పడానికి కాదు. సరే, దెప్పడానికే.

నా మాట విను. మంచంలో ఉన్న కాలు మంచానికే అలవాటవుతుంది. నేను కుట్లు ఆరీ ఆరకుండానే బల్ల దగ్గర నిలబడ్డాను. పనిలో పడితేనే కాలు మన మాట వింటుంది. డాక్టర్లకేం, వాళ్లు దుప్పట్లు మడతపెట్టాలా?

ఆ గార్డుగారితో పెడసరంగా మాట్లాడకు. ఎదురు చూసే మనిషి ఒకరుంటే నొప్పి సగమవుతుందట. నాకు తెలియదు, విన్నాను.

ఆవిరికి కళ్లు మసకగా ఉన్నాయి, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

పిన్ని

*

జూన్ 26

పిన్నికి,

దెప్పావు, బాగుంది. అప్పుడు నేను రాలేదు, నిజమే. ఇప్పుడు నువ్వూ రాలేవు. చెల్లుకి చెల్లు.

ముసలాయన పారిపోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. జేబులోంచి ఆకుపచ్చ రుమాలు తీసి ఊపుతాడు, ఇక బండి కదలొచ్చని. మొదటి రోజు ఆ వేషం చూసి తలుపేసుకున్నాను. రెండో రోజూ వేశాను. ఆయన తలుపు కొట్టలేదు, పిలవలేదు. రుమాలు ఊపుకుంటూ నిలబడ్డాడు. వీధిలో పిల్లలు మూగారు. పరువు పోతుందని బయటికొచ్చాను.

ఈయన పిచ్చి ధైర్యం చెప్పడు పిన్నీ. అది నచ్చింది. అంతా మంచే జరుగుతుంది లాంటి మాట ఒక్కసారి కూడా అనలేదు. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు అని చెప్పాడు. సాక్సు వేసుకోవడానికి వంగకుండా కర్రకి కొక్కెం కట్టి ఇచ్చాడు. పక్క మీద తిరగబోయి నేను బూతులు తిడితే, తనూ అవే తిట్టానన్నాడు. కొన్ని నాకు తెలియనివి కూడా చెప్పాడు. రైల్లో పనిచేసినవాళ్ల దగ్గర తిట్ల నిధి ఉంటుంది.

నిన్న వీధి చివరిదాకా ఒక్కణ్ణే వెళ్లొచ్చాను. ఆయన వెనకే ఉన్నాడుగాని చెయ్యి వెయ్యలేదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాక, ఎవరితోనూ అననిది అడిగాను. "నేలమీద కూర్చోలేని టైల్స్ పనివాడు మనిషేనా గార్డుగారూ?"

 ఉద్యోగం ముగిసి బండి దిగిపోయిన రోజు తనకీ అలాగే అనిపించిందన్నాడు. నా పని సంగతి ఒకరితో మాట్లాడి చూస్తానన్నాడు. మాట్లాడొద్దన్నాను. నా పని నేను చూసుకోగలను. నేర్పినవాడు లేకుండానే నేర్చుకున్నాను, ఊళ్లోవాళ్ల నేలలు చూసి చూసి.

ఇంకో సంగతి. ఆయన రెండో తుంటి కూడా అరిగిపోయింది. నడుస్తుంటే పళ్లు బిగపట్టడం నేను గమనించాను. డాక్టరు ఎప్పుడో రమ్మన్నాడట. నన్ను నిలబెట్టాకే వెళ్తానంటాడు. ఒకరి తోడుతో కోలుకున్నవాళ్లు, ఆ తోడొచ్చినవాళ్లకి అవసరం పడ్డప్పుడు తోడుండాలని వాళ్ల పద్ధతి. "నీ తరవాత ఆ కుర్చీ నాది. నా తోడువి నువ్వు. అందుకే నీకింత మర్యాద" అన్నాడు. అప్పుడు నవ్వాను. ఆపరేషను అయ్యాక అదే మొదటిసారి అనుకుంటాను.

నీ నిప్పుకోడి

*

జులై 10

పిన్నికి,

ఇవాళ ఏ సోదీ లేదు. కోపంలో రాస్తున్నాను, కోపంగానే చదువు.

మేస్త్రీ వచ్చాడు. ఇన్నాళ్లకి. ఆసుపత్రిలో పడున్నప్పుడు కనపడని మొహం, కొత్త చొక్కా వేసుకుని గుమ్మంలో నవ్వుతూ నిలబడింది. నేను బ్రహ్మాండంగా నడుస్తున్నానని విన్నాడట. ఒక ఇంటి మెట్ల పని ఆగిపోయిందట. మెట్టు అంచు మూల కలపడం నాలాగా ఎవడికీ రావట్లేదట. నేను పని అడిగానని తెలిసి ఎంతో సంతోషించాడట.

నేనెవణ్ణి అడిగాను? అడిగిందెవరో నాకు తెలుసు. ఒకరితో మాట్లాడతానని ఎవరన్నారో రాశాను కదా. అంతకు ముందురోజే గార్డు మాట్లాడాననీ, సంఘంలో కలిసినప్పుడు చెప్తాననీ అన్నాడు. మొహం వెలిగిపోయింది అప్పుడు. నా కాలు విరగ్గొట్టినవాడి గుమ్మానికి పోయి నా తరఫున అడుక్కొచ్చి, దానికి మొహం వెలగడం.

సంఘంలో అందరి ముందే అడిగేశాను. ఆయన నోరు తెరవబోయాడు, తెరవనివ్వలేదు. మీరు అనే మాట పోయి నువ్వు అనే మాట వచ్చేసింది. నీకు పింఛను ఉంది కాబట్టి ఒకరి మీద దయ చూపించడం నీకు కాలక్షేపం అన్నాను. మేస్త్రీకి మనుషుల్ని తోలిపెట్టే బ్రోకరువి అన్నాను. ఇంకా ఒకటన్నాను. "నువ్వు బండి నడిపినవాడివి కూడా కాదు. వెనక పెట్టెలో కూర్చుని గుడ్డ ఊపినవాడివి."

టీచరమ్మ చెవులు మూసుకుంది. ఆయన మాత్రం రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే బాబూ" అన్నాడు. లేచి వెళ్లేటప్పుడు ఆ చెడ్డ తుంటి ఆయన్ని ఎంత పక్కకి లాగిందో అందరూ చూశారు. నేనూ చూశాను. చూసి కూడా పిలవలేదు.

రేపు ఆ మెట్ల పనికి పోతున్నాను. అవును, పోతున్నాను. ఇంకొకరి దయతో కాదు, నా చెయ్యి ఇంకా ఉందని నాకు నేను చూపించుకోవడానికి. పనిలో పడితేనే కాలు మాట వింటుందని నువ్వేగా అన్నావు.

నిప్పుకోడి

*

జులై 9

ఒరేయ్ నాన్నా,

ఈ ఉత్తరం చదివేసరికి నీకో మంచి కబురు అందే ఉంటుంది. అందితే దానికి కారణం నేనే, తెలుసుకో.

మీ మేస్త్రీ మా వీధిలో వాళ్ల చెల్లెలింటికి వచ్చాడు. బట్టలు ఇస్త్రీకి తెచ్చాడు. మొహం చూస్తే ఆవిరి వాడి మీదికే వదలాలనిపించింది. కానీ గొప్ప చెప్పుకోవాలనే ఆశ అంతకంటే పెద్దదిరా. మా వాడు వీధి చివరిదాకా ఒక్కడే నడుస్తున్నాడని చెప్పాను. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. ఊళ్లో పని ఏదున్నా ముందు మా వాడికే ఇవ్వాలి, నువ్వు వాడికి బాకీ ఉన్నావు అని గట్టిగా అన్నాను. షెడ్డులో అందరూ పని ఆపి చూశారు. వాడు తల దించుకుని సరేనన్నాడు. ఆ తల దించడం నువ్వు చూడాల్సింది.

వచ్చాడా? ఏమన్నాడు? వెంటనే రాయి.

నీ గార్డుగారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన ఆకుపచ్చ రుమాలు సంగతి ఇక్కడ అందరికీ చెప్పాను, అందరికీ ఆయనంటే ఇష్టమైపోయింది. ఒకసారి ఆ రుమాలు పంపిస్తే ఇస్త్రీ చేసి ఇస్తానని చెప్పు.

పిన్ని

*

జులై 23

పిన్నికి,

నీ గొప్ప ఉత్తరం నేను ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు గుమ్మంలో పడుంది. అవును, మళ్లీ ఆసుపత్రి.

పై మెట్లు నిలబడే చేశాను. బాగానే చేశాను. అడుగు మెట్టు దగ్గర మూల కలవలేదు. ఆ కూర్చోవడం నేను అనుకుని చేసింది కాదు పిన్నీ. చెయ్యి మూల కోసం వెతికింది, ఒళ్లు దాని వెనకే దిగిపోయింది. ఇన్నేళ్ల అలవాటు. తడి గుడ్డ పిండినట్టు లోపల ఏదో తిరిగి, గుండు తుంటి గిన్నెలోంచి బయటికొచ్చింది. కాలు పొట్టిదైపోయి పక్కకి తిరిగి, నాది కానట్టు పడుంది. ప్లైవుడ్ చెక్క మీద మోసుకెళ్లారు. ఇంట్లో జారి పడ్డాడని మేస్త్రీ ఆసుపత్రిలో చెప్పాడు. నేను కాదనేలోపు మత్తు ఇచ్చేశారు.

మత్తులో ఉంచి లాగి, గుండుని మళ్లీ లోపల పెట్టారు. నడుముకీ తొడకీ పట్టా కట్టారు. ఇంకోసారి జారితే మళ్లీ కొయ్యాలన్నారు.

నీ పని నడుమెత్తున ఉంటుంది పిన్నీ. నాది పాదాల కింద ఉంటుంది. నిన్ను నిలబెట్టిన మందు నన్ను పడేస్తుందని నీకు తట్టలేదా? నీకూ ఇదే తుంటి ఉంది కదా. నా కాలు గురించి నా ఉత్తరం, నా కాలు విరగ్గొట్టినవాడికి చదివి వినిపించావు. ఎందుకు? షెడ్డులో నలుగురు నీ వైపు చూడ్డానికి.

టీచరమ్మ వచ్చింది. గార్డుగారు మాట్లాడింది మేస్త్రీతో కాదట, టైల్స్ కొట్టు యజమానితో. కోత బల్ల దగ్గర పని, నిలబడి చేసేది. కొలతలు తప్పకుండా కొయ్యగల చెయ్యి కావాలని వాళ్లు ఎదురుచూస్తున్నారట. ఆ రోజు సంఘంలో చెబుదామనుకున్నాడట. నేను చెప్పనివ్వలేదు. ఇప్పుడు ఆ పనిలో ఇంకెవరో చేరిపోయారు.

నేను అడుగు మెట్టు మీద పడున్న వారంలోనే ఆయన రెండో ఆపరేషను చేయించుకున్నాడు. ఎవరూ రావద్దు, తోడు అక్కర్లేదు అని సంఘానికి కబురు పెట్టాడట.

నాతో మాట్లాడకు కొన్నాళ్లు.

*

జులై 31

ఒరేయ్,

మాట్లాడొద్దన్నావు. ఉత్తరం మాట్లాడ్డం కిందికి రాదు.

తప్పు నాదే అని రాస్తే నీకు చల్లబడుతుందా? రాశాననుకో. నీ కాలు బాగవుతుందా? నలుగురు చూడ్డానికే అన్నావు. అవును. నా కాలు కుంటిదయ్యాక నా వైపు చూసినవాళ్లు లేరు. చెప్పుకోవడానికి నాకున్నది నువ్వొక్కడివి. నీ కాలు లేచిందంటే నాది లేచినట్టే అనుకున్నాను. నీ పని నేలమీదని మరిచిపోయాను. అది నిజం. నా కళ్లకి అన్ని పనులూ ఇస్త్రీ బల్ల ఎత్తులోనే కనిపిస్తాయి.

కానీ ఆ ముసలాయన్ని వెనక పెట్టెలో గుడ్డ ఊపినవాడివి అన్నది నేను కాదు. అది నీ సొంత చేతిపని. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నీకు రెండూ జారాయి. ఒకటి డాక్టర్లు లోపల పెట్టారు. రెండోది ఎవరు పెడతారు?

ఇంకొక్కటి అడుగుతాను, జవాబు నాకు రాయక్కర్లేదు. ఆయనకి కొత్తగా ఆపరేషను అయింది కదా. ఇప్పుడు నువ్వు కూర్చున్న కుర్చీ ఎవరిదిరా?

పిన్ని

*

ఆగస్టు 13

పిన్నికి,

ఆ ఆఖరి మాట చదివి ఉత్తరం చింపేశాను. ముక్కలు మాత్రం పారెయ్యలేదు.

నిజానికి ఎవరూ నన్ను కుర్చీ అడగలేదు. జారిపడ్డాను కాబట్టి అది నాకే ఉండాలని టీచరమ్మ అంది. గార్డుగారు ఇంట్లో దిళ్లు పేర్చుకుని కూర్చుంటున్నాడని కూడా ఆవిడే అంది. దిళ్లు మెత్తగా దిగిపోతాయి పిన్నీ. దిగితే ఏమవుతుందో నాకు తెలుసు.

మంచం కింద మిగిలిపోయిన టైల్స్ పెట్టె ఉంది. నాకోసం మామూలు కుర్చీ ఒకటి తెప్పించి, టీచరమ్మ అల్లుడుగార్ని పిలిపించాను. ఆయన నేలమీద గొంతుక్కూర్చున్నాడు, నేను పైన నిలబడ్డాను. నాలుగు కాళ్ల కిందా టైల్స్ పేర్పించి సిమెంటుతో అతికించాను. ఆయన ఆఫీసులో పెద్ద ఉద్యోగి. చేతికి సిమెంటు అంటితే జెర్రి పాకినట్టు విదిలించుకున్నాడు. రసమట్టం పెట్టి చూస్తే బుడగ పక్కకి పోయింది, మళ్లీ పీకించాను. ఏం ఫరవాలేదు కూర్చోవచ్చులే అన్నాడు. కూర్చునేది నేనన్నాను. మూడోసారికి బుడగ మధ్యకొచ్చింది. ఆయన చెమట తుడుచుకుని, నీ కింద పనిచేసేవాళ్లు పాపాత్ములయ్యా అన్నాడు. వేరేవాళ్ల చేత్తో అయినా మట్టం కుదిరింది. సంతోషం వేసిందని రాయను. మంట కొంచెం తగ్గింది.

సంఘం కుర్చీ గార్డుగారింటికి మోసుకొస్తానని ఆయనే అన్నాడు, వద్దన్నాను. పక్కన ఖాళీ చేతులతో నడిచెళ్లే మొహం నాకు లేదు. కుర్చీని ముందుకు తోసుకుంటూ, దాని వీపు పట్టుకుని అడుగేసుకుంటూ పొద్దున్నే బయల్దేరాను. అలిసినప్పుడల్లా నడివీధిలో దాంట్లోనే కూర్చున్నాను. పాలవాడు సైకిలు దిగి, ఇక్కడ కోర్టు పెట్టారా అని అడిగాడు. పిల్లలు వెంటపడ్డారు. కుర్చీ కాళ్లు రోడ్డు మీద కీచుమంటుంటే కిటికీలు తెరుచుకున్నాయి. చేతికర్ర తెచ్చుకోవాలని తోచలేదు. కుర్చీయే నా కర్ర.

గార్డుగారి ఇంటి గేటు దగ్గర నిలబడ్డాను. పిలవలేదు. ఆయన నా గేటు దగ్గర ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడ్డాను. ఊపడానికి నా దగ్గర ఏమీ లేదు. చాలాసేపటికి ఆయన భార్య తలుపు తీసింది. వెనకాల ఆయన, వాకరు పట్టుకుని. సగమైపోయాడు పిన్నీ. గడ్డం చేసుకోలేదు. ఎప్పుడూ నున్నగా ఉండే మనిషి.

దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఉన్నాయి. పని అడిగింది మీరు కాదని తెలిసింది, మా పిన్ని అడిగింది, నేను ఆగలేదు, ఇవన్నీ. నీ మీద తోసేసే మాటలే ఎక్కువ. ఆయన మొహం చూశాక అవేవీ నోట్లోకి రాలేదు. "మీ కుర్చీ తెచ్చానండీ" అన్నాను.

ఆయన కుర్చీ వైపు చూశాడు. నా నడుముకి కట్టిన పట్టా వైపు చూశాడు. నేను మెట్ల పనికి వెళ్లానని ఆయనకి ఎవరో చెప్పే ఉంటారు.

"కుర్చీ తీసుకుంటాను" అన్నాడు. "నిన్ను తీసుకోను."

ఆవిడ వచ్చి కుర్చీని లోపలికి లాక్కుపోయింది. తలుపు మూసుకుంది. అప్పుడు తెలిసింది, నా చేతుల్లో పట్టుకోవడానికి ఏమీ లేదని. గేటు పట్టుకుని నిలబడ్డాను. నా ఇల్లు వీధికి ఆ చివర ఉంది. గేటు వదిలితే ఎటు పడతానో చూసుకుంటున్నాను. సాయం అడగడానికి నోరు రాలేదు. ఆ నోటితో అక్కడ ఇంకేం అడుగుతాను?

తలుపు మళ్లీ తెరుచుకుంది. ఆవిడే. చేతిలో ఆయన పాత చేతికర్ర, రోజూ పొద్దున నా పక్కన టకటకలాడినది. గేటు మీంచి అందించింది. నా మొహం చూడకుండా చెప్పింది.

"రేపు పొద్దున తెచ్చిచ్చెయ్యమన్నారు."

అది జాలో, నేను తన గేటు ముందు పడిపోతే అదొక గొడవని భయమో, నాకు తెలియదు. క్షమించాడని నువ్వు అనుకోకు. నీ షెడ్డులో చెప్పకు. ఎవరికీ చెప్పకు. ఈసారి నా కాలు గురించి ఒక్క ముక్క బయటికి పోయినా ఇక నీకు రాయను.

టైల్స్ మీద నిలబెట్టిన కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎత్తు సరిపోయింది. కర్ర గోడకి ఆనించి ఉంది. పొద్దున్నే తీసుకెళ్లి ఇవ్వాలి. ఇచ్చేశాక మళ్లీ గేటు పట్టుకుని నిలబడాలి.

నీ నిప్పుకోడి